చూసిన భూతకాలం, విన్న భూతకాలం

జూన్ 3, ఆదివారం

రేపు కోడలు వస్తోంది.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, “మీకేం వదినా, అదృష్టవంతులు! ఇంకొకళ్ళయితే మూగసైగలతో చచ్చేవాళ్ళు. మీకా భాష కొట్టిన పిండి కదా” అంది. నవ్వి ఊరుకున్నాను. కొట్టిన పిండే, సందేహమేముంది? ఇన్నేళ్ళుగా కోచింగ్ సెంటర్లో ఆ భాషే కదా చెబుతున్నాను! నా గైడు చదవకుండా ఆ పరీక్ష గట్టెక్కినవాడు ఈ ఊళ్ళో లేడు. నా వెనకాల నన్ను ‘ప్రత్యయం మేడమ్’ అంటారని తెలుసు. అననీ.

అబ్బాయి ఓడలో ఇంజనీరు. ఓడ మరమ్మతుకని ఆ దేశపు రేవులో ఆగితే, క్రాపు చేయించుకోవడానికి వెళ్ళి పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్ల పని చేసేది సెలూన్లోనట. “వెంట్రుకలతో పోయేదాన్ని మెడదాకా తెచ్చుకున్నాడు” అని ఈయన కనిపించిన ప్రతివాడికీ చెప్పి నవ్వుతున్నారు.

ఆ భాష సొంతంగా మాట్లాడే మనిషిని నేనింతవరకు చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు.

స్వాగత వాక్యాలు తయారు చేసుకున్నాను. ఆ భాషలో మర్యాదకి మూడు అంచెలు. పై అంచె పెద్దలకి, నడిమిది సమానులకి, కింది అంచె పిల్లలకీ పశువులకీ. మొదటి పరిచయం కదా అని పై అంచే వాడాను. రెండుసార్లు సరిచూసుకున్నాను. ఒక్క తప్పు లేదు.

జూన్ 4, సోమవారం

స్టేషన్లో ఆ పిల్ల రైలు దిగగానే ఎదురెళ్ళి చెప్పాను. తెలుగులో అయితే ఇలా ఉంటుంది: “ఓ వధూమణీ! తమ ప్రయాణము నిర్విఘ్నముగ సాగినదని తలంచుచున్నాను.”

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది, నేను ఇంకెవరితోనో మాట్లాడుతున్నానేమోనని. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అబ్బాయి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

“బ్రహ్మాండంగా మాట్లాడావమ్మా. కాకపోతే అలా కోర్టులో జడ్జీలే మాట్లాడతారట. తనకేదో శిక్ష వేస్తున్నావనుకుంది.”

అంటే తప్పు లేదనేగా.

తర్వాత ఆ పిల్ల నాతో ఏదో అంది. మాటకీ మాటకీ మధ్య సూది దూరే సందు లేదు. వాక్యం చివర ఉన్నది సంశయార్థకమా, విధ్యర్థకమా అని తేల్చుకునేలోపు ఇల్లొచ్చేసింది. ఈయన ఆమె సంచీ అందుకుని, “రా తల్లీ, రా, ఇల్లు చూద్దువుగాని” అన్నారు అచ్చ తెలుగులో. ఆమె వెంట వెళ్ళింది. అది భాష కాదు. సైగ.

జూన్ 5, మంగళవారం

గొంతు బాగాలేదు. మాట్లాడకపోవడం మంచిది.

జూన్ 10, ఆదివారం

గొంతు నయమే. ఆ పిల్ల భాషే బాగాలేదు.

ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే వరండాలో కూర్చుని విన్నాను. ప్రత్యయాలు సగం మింగేస్తోంది. కన్నతల్లితో కింది అంచెలో మాట్లాడుతోంది! ఆ భాషకే తలమానికం రెండు భూతకాలాలు. కళ్ళారా చూసినదానికి ఒకటి, ఎవరో చెబితే విన్నదానికి ఇంకొకటి. మనం ‘వచ్చాడు’ అనీ ‘వచ్చాడట’ అనీ అంటామే, అలాంటిదే. కాకపోతే వాళ్ళకి అది తప్పనిసరి, రూపాలూ బోలెడు. ఈ పిల్ల వాటిని చప్పరించి వదిలేస్తోంది. నా దగ్గర పరీక్ష రాస్తే పాసవదు. సొంత భాషే సరిగ్గా రాదు పాపం.

ఈయన మూడు మాటలు నేర్చుకున్నారు. ఒకటి నీళ్ళు, ఒకటి బాగుంది, మూడోది ఇక్కడ రాయదగింది కాదు. ఆ మూడింటితోనే వంటింట్లో గంటలకొద్దీ కబుర్లు. నవ్వులు.

“ఏమిటంత నవ్వు?” అన్నాను.

“ఏమో. ఏమందో నాకేం తెలుసు?”

“తెలియకుండానే నవ్వారా?”

“తెలిస్తే అంత నవ్వొచ్చేది కాదేమో” అన్నారు.

సర్వీసంతా సిటీ బస్సు తోలిన మనిషి. ఎవడు చెయ్యెత్తినా ఆపి ఎక్కించుకోవడం అలవాటు.

జూన్ 18, సోమవారం

అబ్బాయి ఓడెక్కడానికి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చేది చలికాలంలోనే. గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని, “నాన్న ఉన్నాడులే. కానీ మనసులో మాట చెప్పుకోవాలంటే తనకి నువ్వే దిక్కమ్మా. ఈ ఇంట్లో భాష తెలిసింది నీకొక్కదానికే” అన్నాడు. సరేనన్నాను.

వాడు వెళ్ళాక ఆ పిల్ల నా వైపు తిరిగి ఏదో చెప్పింది. కళ్ళనిండా నీళ్ళు. ఈసారి మొత్తం అర్థమైంది! ఒకే వాక్యంలో మూడు అసమాపక క్రియలు, మధ్యలో ఒక చేదర్థకం. నా గైడులో కూడా అంత చక్కటి ఉదాహరణ లేదు. జవాబు కూర్చుకుని తలెత్తేసరికి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ వాక్యం రాసిపెట్టుకున్నాను. తర్వాతి ముద్రణలో వాడొచ్చు.

జూన్ 27, బుధవారం

తెలుగు నేర్పమంటోందట. ఈయన వచ్చి చెప్పారు. ఇది నా చేతిలో పని. ఇవాళే మొదలుపెట్టాను. డు, ము, వు, లు ప్రథమా విభక్తి.

“వంకాయ ఎంత?” అంది. ఎవరు నేర్పారో వేరే చెప్పాలా?

“ధరలు అడగడం తర్వాత. ముందు విభక్తులు” అన్నాను. బుద్ధిగా తలూపింది. సాయంత్రం మామాకోడళ్ళు బజారుకెళ్ళి సంచీడు వంకాయలు తెచ్చారు. బేరం ఆమే ఆడిందట. కొట్టువాడు, “అమ్మాయిగారు భలే మాట్లాడుతున్నారే” అన్నాడట. వంకాయల్లో సగం పుచ్చు.

జూలై 1, ఆదివారం

భోజనాల దగ్గర ఆ పిల్ల అడిగింది: “మామయ్య వచ్చాడు. అత్తయ్య వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. అత్తయ్య, ఆవు, బస్సు ఒకటే?”

ఈయనకి పొలమారింది. “ఒకటి కాదమ్మా! ఆవు పొడిచేముందు చెబుతుంది” అన్నారు, నీళ్ళు తాగి.

నేను జవాబు చెప్పలేదు. నాకు తెలియదని కాదు. నిజానికి ఎప్పుడూ ఆలోచించలేదు. పుట్టినప్పటినుంచీ అంటున్నాను. ‘ఆవిడ వచ్చింది, గేదె వచ్చింది.’ ఒక్కసారీ తడుముకోలేదు. ఒక్కసారీ తప్పు పోలేదు. ఏ సూత్రం చదివి అన్నాను? అన్నం తింటున్నంతసేపూ అదే ఆలోచన. అన్నం సయించలేదు.

దీన్ని పట్టించుకోనక్కర్లేదు. సొంత భాష సంగతి వేరు.

జూలై 6, శుక్రవారం

ఇవాళ వాక్యనిర్మాణం. “మన ఇంటి గురించి ఐదు వాక్యాలు చెప్పు” అన్నాను. ఆమె మొదలుపెట్టింది.

“ఇంట్లో మామయ్య ఉంది.”

“ఉన్నాడు. ‘ఉన్నారు’ అంటే ఇంకా మర్యాద.”

“మామయ్య నన్ను నవ్వుతాడు.”

“నవ్విస్తాడు. ప్రేరణార్థకం.”

“రాత్రి నాకు అమ్మ గుర్తు వస్తాడు.”

“వస్తుంది.”

“అత్తయ్య నా భాష తెలుసు, కానీ నాకు మాట్లాడడు.”

“అత్తయ్యకు తెలుసు. షష్ఠీ విభక్తి. ‘నాతో’ మాట్లాడదు. తృతీయ. ఒకే ఊపిరిలో మూడు తప్పులు. ఊఁ, ఐదోది?”

“ఎందుకు?” అంది.

“అది ఒక్క మాట. వాక్యం కాదు. పూర్తి వాక్యం చెప్పు.”

లేచి వెళ్ళిపోయింది. పదికి నాలుగు మార్కులు వేశాను, అదీ ఉదారంగా. ఐదో వాక్యం బాకీ.

జూలై 8, ఆదివారం

ఈయన నాతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు. ఇవాళ మాట్లాడారు. మాట్లాడకపోతేనే బాగుండేది.

“ఆ పిల్ల నిన్ను ఎందుకని అడిగింది. నువ్వేమో అది వాక్యం కాదన్నావా?”

“కాదు మరి.”

“మనిషి గొంతులో ప్రాణం కొట్టుకుంటుంటే విభక్తి సరిచేస్తావా? ఇన్నేళ్ళ నుంచీ ఆ భాష ఊరందరికీ నేర్పావు కదా. తనతో ఒక్క మంచిమాట, దాని భాషలో, ఎప్పుడైనా అన్నావా?”

“తను వాడేది ప్రామాణిక రూపం కాదు. నేను వాడేది తనకి అర్థం కాదు.”

“ఆడలేక మద్దెల ఓడన్నారట. లైసెన్సు పరీక్షలో రోడ్డు గుర్తులన్నీ గడగడా అప్పజెప్పి, బండెక్కగానే గోడకి గుద్దినవాళ్ళని చూశాను. నువ్వు గోడకి కూడా గుద్దలేదే. బండే ఎక్కలేదు.”

“మీరెన్ని గోడలు గుద్దారో డిపోలో అడిగితే చెబుతారు.”

“గుద్దాను. లేదన్నానా?” అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

కోపంలో మనిషి పోలికలు తెస్తాడు. భాషకీ బస్సుకీ పోలికేమిటి?

జూలై 13, శుక్రవారం

మలుపులో ఉన్న సెలూన్లో పనికి కుదిరింది. పొద్దున్నే వెళ్ళిపోతుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఈయనతోనే మాట. నన్ను చూస్తే మర్యాదగా తల వంచుతుంది. పై అంచె మర్యాద.

జూలై 20, శుక్రవారం

చేతిరాత వంకరపోతోంది. పోనీ.

మధ్యాహ్నం ఈయన బయటికెళ్ళారు. ఆ పిల్ల తన ఫోను ఇంట్లో మరిచిపోయింది. మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. నాలుగోసారి ఎత్తాను. వాళ్ళమ్మ.

ఎవరెత్తారని కూడా అడగలేదు. వరద వచ్చినట్టు చెప్పుకుపోయింది. అంతా అర్థమైంది. ఇదివరకటిలా లెక్కకట్టి కాదు, అర్థమైంది, అంతే. “ఇంటి కప్పు బాగు చేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడట. తలకి దెబ్బ తగిలిందట. పక్కవాళ్ళు ఆస్పత్రికి మోసుకెళ్ళారట.” అక్కడిదాకా అన్నీ విన్న భూతకాలాలు. తర్వాత ఆవిడ గొంతు సన్నబడింది. “కళ్ళు తెరిచాడు. నా వేలు పట్టుకున్నాడు.” ఇక్కడ ‘ట’ లేదు.

ఆ ప్రత్యయం ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో! ‘రాముడు పండు తినెను’ పక్కన ‘తినెనట’ అని రాయించి మార్కులు వేశాను. ఒకావిడ తన మొగుడు కళ్ళు తెరవడం తానే చూశానని చెప్పుకోవడానికి అది ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

ఏదైనా అనాలి కదా. “అవును” అన్నాను. ఆవిడ ఏడ్చింది. “అవును, అవును” అన్నాను. మేక అరిచినట్టు.

సెలూన్‌కి చెప్పుల్లేకుండానే వెళ్ళాను. దారిపొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. ‘మీ తండ్రిగారు దైవవశమున...’ అని మొదలవుతుంది. ఛీ, కోర్టు తీర్పు. చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. లోపల ఆమె ఎవరిదో జుట్టు కత్తిరిస్తోంది. నన్ను చూసి కత్తెర ఆపింది. ఏ వాక్యమూ మిగల్లేదు. నోటికొచ్చింది ఇదీ:

“నాన్న పడ్డాడు. కళ్ళు తెరిచాడు. అమ్మ ఫోను. నువ్వు రా. నేను నీతో.”

కింది అంచె. పిల్లలకీ పశువులకీ వాడేది. పైగా ‘పడ్డాడు’ అన్నాను, చూసిన భూతకాలంలో.

ఆమె నా భుజాలు పట్టుకుంది. “మీరు చూశారా? ఎక్కడ?”

“లేదు, లేదు. ట. ట!” అన్నాను. క్రియ లేకుండా ప్రత్యయం ఒక్కటే, నత్తివాళ్ళలాగా. ఆమెకి అర్థమైంది. కత్తెర చేతిలో ఉండగానే నా మెడ మీద వాలిపోయింది. “అయ్యో తల్లీ, అయ్యో నా తల్లీ” అన్నాను. అది తెలుగే.

కుర్చీలో కూర్చున్నాయన తల ఒక పక్క గొరిగి, ఒక పక్క పొదలా ఉంది. “మరి నా మిగతా సగం?” అన్నాడు. ఆయనకి జవాబు చెప్పాను. వ్యాకరణదోషం లేదు. మర్యాద మాత్రం లేదు.

జూలై 21, శనివారం

అబ్బాయి ఓడ నడిసముద్రంలో ఉంది. ఈయన నడుం నొప్పితో అంతదూరం కూర్చోలేరు. “నువ్వే తోడెళ్ళు” అన్నారు. “నాకు మాట్లాడటం రాదండీ” అన్నానట. అలా అన్నానని ఈయన అంటున్నారు. ‘గొంతు బాగాలేదు’ అన్నట్టే నాకు గుర్తు.

సంచీలు సర్దేశారు. గైడు పెట్టబోతే తీసి బల్ల మీద పడేశారు.

జూలై 24, మంగళవారం

వియ్యపురాలు నా భుజం దాకా వస్తుంది. ఆస్పత్రి గుమ్మంలో నన్ను చూడగానే గట్టిగా వాటేసుకుని వదల్లేదు. ఆవిడని ఏ అంచెలో పలకరించాలో తేల్చుకునే తీరిక నాకు దొరకలేదు.

ఆపరేషన్ అయింది. తలలో గడ్డకట్టిన రక్తం తీశారట. మనిషి ఇంకా మగతలోనే ఉన్నాడు. తెల్లకోటు డాక్టరు రోజుకొకసారి గాలిలా వచ్చి గాలిలా పోతాడు. ఇవాళ తల్లీకూతుళ్ళు ఆయన వెంటపడి బతిమాలుతుంటే, “చూస్తాం, చూస్తాం” అంటూ లిఫ్టు మీట నొక్కాడు.

నాకు ఒళ్ళు మండింది. కోచింగ్ సెంటర్లో ఆఖరి బెంచీ మీద నవ్వేవాళ్ళని చూసినప్పుడు వచ్చే మంట. గొంతు దానంతటదే లేచింది.

“ఓ వైద్యవరేణ్యా! ఈ క్షతగాత్రుని స్థితిగతులను తత్‌క్షణమే విశదీకరింపవలసినదిగ ఆదేశించుచున్నాను!”

డాక్టరు కోటు గుండీలు పెట్టుకున్నాడు. “మీరు... కోర్టు నుంచి వచ్చారా?” అన్నాడు, పై అంచెలో. నేను అవుననలేదు, కాదనలేదు. కుర్చీలు తెప్పించి, బొమ్మ గీసి మరీ వివరించాడు. అందులో నాకు సగం అర్థం కాలేదు. అర్థం కావలసినవాళ్ళకి అయింది. ప్రాణభయం లేదు. మాటలు మాత్రం కొన్ని పోయి ఉండొచ్చు, మెల్లగా తిరిగొస్తాయి.

డాక్టరు వెళ్ళాక కోడలు నన్ను చూసి నవ్వింది, అన్నాళ్ళ తర్వాత. “అత్తయ్య జడ్జీ” అంది.

కాస్త పొంగిపోయాను. ఆ పొంగుతోనే కింది అంగడికి వెళ్ళి, దర్జాగా నీళ్ళ సీసా అడిగాను. సబ్బు ఇచ్చాడు. డబ్బులిచ్చి తెచ్చుకున్నాను.

జూలై 26, గురువారం

వియ్యంకుడు మాట్లాడుతున్నాడు. నన్ను లోపలికి పంపారు. ‘త్వరగా కోలుకోండి’ అనాలి. రెండు క్రియలు ఒకలాగే ఉంటాయి. ఆ తేడా మీద గైడులో ఒక పేజీ రాశాను. నేనన్నది మాత్రం, ‘త్వరగా ఖాళీ చెయ్యండి.’

వియ్యపురాలు చేతుల్లో మొహం దాచుకుంది. ఆయన కట్టుకట్టిన తల రెండు చేతులా పట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి, నొప్పికి మూలుగు, మళ్ళీ నవ్వు. నర్సు వచ్చి అందర్నీ తిట్టింది. తిట్లు అర్థమయ్యాయి.

జూలై 29, ఆదివారం

మధ్యాహ్నాలు ఆయన దగ్గర నేనే కూర్చుంటున్నాను. తల్లీకూతుళ్ళు కాస్త కునుకు తీస్తారు.

ఈ ఊళ్ళో నాకు అర్థమయ్యేలా మాట్లాడే మనిషి ఆయనొక్కడే. దెబ్బ వల్ల ఒక్కో మాటా వెతుక్కుని, తీసి, తుడిచి బయటపెడతాడు. నాదీ అదే వేగం. నిన్న చెంచా చూపించి నోరు తెరిచాడు. మాట దొరకలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చెప్పాను, చెంచా. అలవాటు కొద్దీ ‘చెంచాతో, చెంచాకు, చెంచాలో’ అని అన్ని విభక్తులూ చెప్పాను. ఆయన ఒక్కొక్కటే నా వెంట అన్నాడు. విసుక్కోలేదు. ఇంత శ్రద్ధగల విద్యార్థి నాకు దొరకలేదు.

దువ్వెనకి మాట నాకు గుర్తురాలేదు. ఆయనకీ రాలేదు. ఇద్దరం దాన్ని చాలాసేపు చూశాం.

జూలై 31, మంగళవారం

ఎల్లుండికి నా తిరుగు టికెట్టు. కోచింగ్ సెంటర్ నుంచి ఫోను: “పరీక్షలు ముంచుకొస్తున్నాయి, ఎప్పుడొస్తారు మేడమ్? పిల్లలు రెండు భూతకాలాల దగ్గర ఆగిపోయారు.” ఆగనీ, కొన్నాళ్ళు ఆగితే మంచిదే అన్నాను. ఫోను పెట్టేశాక ఆ మాట నేనేనా అన్నదని అనుమానం వచ్చింది.

కోడలు పక్కనే ఉండి వింది. నా జుట్టు దువ్వుతోంది. ఇక్కడికొచ్చాక నా జడ తనే వేస్తోంది.

“అత్తయ్యా, నువ్వు వెళ్ళకు” అంది తెలుగులో. “నాన్న నీతో మాట్లాడుతుంది.”

నాన్న మాట్లాడుతుందట. రెండు తప్పులు. ‘నువ్వు’ ఒకటి, ‘మాట్లాడుతుంది’ ఇంకొకటి. టికెట్టు మార్పించమన్నాను.

ఆగస్టు 4, శనివారం

ఒక పొరపాటు జరిగింది. మొన్న ఆయన కిటికీ చూపించి మాట కోసం తడుముకుంటే, నేనే ధీమాగా అందించాను. తర్వాత చూసుకుంటే దీర్ఘం తప్పు పోయింది. హ్రస్వమైతే కిటికీ, దీర్ఘమైతే మేనత్త. ఆయన మేనత్తనే పట్టుకున్నాడు.

ఇవాళ ఉక్కగా ఉంది. “మేనత్తని తెరువు” అన్నాడు, అందరి ముందూ. వియ్యపురాలు బిత్తరపోయి, మతి మళ్ళీ చెడిందనుకుని డాక్టరు కోసం పరుగెత్తబోయింది. కోడలు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

దిద్దాలి. రేపు తప్పకుండా దిద్దుతాను. ఈలోపు ఆయన మళ్ళీ అడిగాడు. లేచి తెరిచాను. గాలి బాగానే వచ్చింది.